ఎవరి చిట్టా వాళ్లది

కీబోర్డు మీద కుడివైపుకు తిరిగిన బాణం ములుకు గుర్తు ఒకటుంది. లైనక్స్ టెర్మినల్‌లో దాన్ని ఒకసారి కొడితే ఫైలులో ఉన్నదంతా తుడిచి కొత్తది రాస్తుంది. రెండుసార్లు కొడితే ఉన్నదాని కింద చేరుస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, రెండుసార్లు కొట్టాల్సిన చోట ఒక్కసారే కొట్టి, పక్క సీటులోని అక్క రాత్రంతా పోగుచేసుకున్న లెక్క పోగొట్టాను.

అది బెంగళూరులో. పరీక్షలకని మా ఇద్దరికీ కలిపి ఒకే మిషను ఇచ్చారు. డిస్కు మీదికి రాతలు అప్పుడప్పుడు ఆలస్యమవుతున్నాయి. ఎప్పుడో కొన్ని గంటలకొకసారి మాత్రమే. ఆ ఆలస్యాన్ని పట్టుకోవడానికి అక్క, లైనక్స్‌కు గుండెకాయ అయిన కెర్నల్‌లోని కొన్ని ఫంక్షన్ల మీద, అవి ఎప్పుడు నడిచాయో రాసిపెట్టే ట్రేసర్ పెట్టి ఇంటికి పోయింది. నాకు నెట్‌వర్క్ వైపు చూడాల్సిన పని. ఏ ఫంక్షన్లను చూడాలో రాసే ఆమె ఫిల్టర్ ఫైలులోనే, ఒంటి బాణంతో, నా ఫంక్షన్ల పేర్లు రాశాను. ఆమె పేర్లు పోయాయి. అచ్చవుతున్నది అర్థం కాక, శుభ్రంగా మొదలుపెడదామని, కరెంట్ ట్రేసర్ ఫైలులో ‘నాప్’ అని రాశాను. ట్రేసర్ మారిస్తే, అది రాసుకునే బఫర్‌లో అప్పటిదాకా ఉన్నదంతా చెరిగిపోతుందని నాకు తెలియదు.

పొద్దున వచ్చి అడిగింది. ఆమెది కుప్పం.

“నా ఫిల్టరు యాడికి పోయింది అబ్బాయ్? నువ్వేమన్నా ముట్టుకుంటివా?”

“నేనే అక్కా. నా పేర్లు రాసుకుంటి. నీవి పోతాయనుకోలేదు.”

ఆమె కోప్పడి ఉంటే ఆ పూట బాధపడి మర్చిపోయేవాణ్ణేమో. కుర్చీ పక్కకు లాక్కుని, “మీది వాయల్పాడు కదా, మీ నాయన టమోటా మదనపల్లెకు తెస్తాడంటివి. మండీలో లెక్క ఎవరు రాస్తారో చెప్పు” అంది.

పటంలో మా ఊరు వాల్మీకిపురం. మా నోళ్లలోనూ రైల్వే స్టేషను బోర్డు మీదా మాత్రం ఇంకా వాయల్పాడే. నాయనతో నేను మదనపల్లె మార్కెట్టుకు చాలాసార్లు పోయాను. అక్కడ ఒకే సరుకుకు మూడు లెక్కలు నడుస్తాయి. మండీ గుమాస్తా రిజిస్టరులో ఏ రైతువి ఎన్ని బాక్సులు, వేలంలో ఎంత పలికింది అని రాసుకుంటాడు. లారీకి ఎక్కించేవాడు సుద్దముక్కతో గీతలు గీసుకుంటాడు, అతనికి బాక్సుల సంఖ్య ఒక్కటే కావాలి. నాయన చొక్కా జేబులో చిన్న పుస్తకం, అందులో మా బాక్సులు మాత్రమే. ఒకరి పుస్తకంలో ఇంకొకరు చెయ్యి పెట్టరు. సాయంత్రం ఎక్కడైనా తేడా వస్తే మూడూ పక్కపక్కన పెట్టి చూస్తారు. పుస్తకాలు విడిగా ఉన్నందుకే ఆ తేడా దొరుకుతుంది.

“అంతే. చూసేవాళ్లు ఇద్దరున్నప్పుడు చిట్టాలు రెండుండాల” అంది అక్క. ఆ మాట పట్టుకుని నేను నేర్చుకున్నదంతా ఈ అధ్యాయంలో చెబుతాను. కెర్నల్‌తో పని లేని వాళ్లు కూడా చదవండి. చూడటం అనే పనిని ఇంత నిజాయితీగా, ఇంత లెక్కగా చేసే చోటు నాకు ఇంకొకటి తెలియదు.

*

ముందు, కెర్నల్ తనను తాను ఎలా చూసుకుంటుందో తెలియాలి. లైనక్స్ కెర్నల్‌లో ఫంక్షన్లు పదుల వేల సంఖ్యలో ఉంటాయి. వాటిని కంపైల్ చేసేటప్పుడే దాదాపు ప్రతి ఫంక్షన్ గుమ్మం దగ్గరా చిన్న చోటు వదులుతారు. ఇంటెల్ తరహా 64 బిట్ ప్రాసెసర్లలో అది 5 బైట్లు. మామూలుగా అక్కడ ఏ పనీ చేయని ఆదేశం ఉంటుంది. దానిమీదుగా పోయినందుకు ప్రాసెసర్‌కు పడే శ్రమ లెక్కలోకి రానంత తక్కువ. ఆ ఫంక్షన్‌ను చూడాలని మీరు అడిగిన క్షణాన కెర్నల్ ఆ 5 బైట్లను మార్చి, ‘ట్రేసర్‌ను పిలువు’ అనే ఆదేశం పెడుతుంది. చూడటం అయ్యాక మళ్లీ పాతదే పెడుతుంది. అంటే నడుస్తున్న బండికి చక్రం మార్చినట్టు, నడుస్తున్న కోడ్‌నే మారుస్తుంది. దీని పేరు ఎఫ్‌ట్రేస్. రియల్‌టైమ్ కెర్నల్ కోసం ఇంగో మోల్నార్ రాసుకున్న లేటెన్సీ ట్రేసర్ నుంచి పుట్టింది. స్టీవెన్ రోస్టెట్ దాన్ని తీర్చిదిద్ది ప్రధాన కెర్నల్‌లోకి తెచ్చాడు. 2008లో 2.6.27 వెర్షన్‌తో వచ్చింది.

అది వచ్చిన తొలినాళ్లలో జరిగిన ఒక ప్రమాదం ప్రతి ఇంజనీరూ తెలుసుకోవాలి. 2.6.27ను ఇంకా పరీక్షిస్తున్న రోజుల్లో ఇంటెల్ ఈ1000ఈ డ్రైవర్‌తో నడిచే నెట్‌వర్క్ కార్డులు పాడైపోవడం మొదలైంది. మిషన్ ఆపి మళ్లీ పెట్టినా బాగుపడలేదు. కార్డులో శాశ్వతంగా ఉండాల్సిన జ్ఞాపకమే చెడిపోయింది. అందరూ నెట్‌వర్క్ డ్రైవర్‌ను అనుమానించారు. తప్పు ఎఫ్‌ట్రేస్‌ది.

అప్పట్లో ఎఫ్‌ట్రేస్, నడుస్తున్న కెర్నల్‌లో ఎదురైన ఫంక్షన్ల అడ్రసులను ఒక చిట్టాలో రాసుకునేది. కాసేపటికి తీరిగ్గా వెళ్లి ఆ చోట్లను మార్చేది. అయితే మాడ్యూళ్లలో మొదలయ్యేటప్పుడు మాత్రమే పనికొచ్చే కోడ్ కొంత ఉంటుంది. పని కాగానే ఆ మెమరీని వదిలేస్తారు. అడ్రసు మాత్రం చిట్టాలో మిగిలిపోయింది. ఖాళీ అయిన ఆ చోటే కొన్ని మిషన్లలో నెట్‌వర్క్ కార్డు జ్ఞాపకానికి దారి అయింది. ఎఫ్‌ట్రేస్ జాగ్రత్త గలదే. నేను ఎదురుచూసిన కోడ్ ఇక్కడ ఉంటేనే మారుస్తాను, లేకుంటే వదిలేస్తాను అనుకుంటూనే వెళ్లింది. కానీ ఆ పోలిక కోసం వాడిన ప్రాసెసర్ ఆదేశం, పోలిక కుదరకపోయినా ఉన్న విలువనే మళ్లీ ఒకసారి రాస్తుంది. మామూలు మెమరీలో దానివల్ల నష్టం లేదు. కార్డు జ్ఞాపకం మీద ఆ ఒక్క రాతే చాలింది. వెంటనే వచ్చిన 2.6.27.1లో డైనమిక్ ఎఫ్‌ట్రేస్‌ను పక్కన పెట్టేశారు. ఆ తర్వాత అడ్రసులను నడుస్తున్నప్పుడు కాక, కెర్నల్‌ను కంపైల్ చేసేటప్పుడే సేకరించే పద్ధతికి మార్చారు.

కాపలావాడి పాత చిట్టా ఇంటిని తగలబెట్టిందన్నమాట. ఈ కథ విన్న రోజు నుంచి ఏ మిషను మీద ట్రేసర్ పెట్టినా నన్ను నేను అడుగుతాను: నేను చూస్తున్నందువల్ల ఇక్కడ ఏం మారుతోంది?

*

ఇప్పుడు ఇద్దరు చూసేవాళ్ల సంగతి. మొదట్లో ఎఫ్‌ట్రేస్‌లో ట్రేసర్లు ఎన్ని ఉన్నా అందరికీ కలిపి ఒకటే ఫిల్టర్. గుమాస్తా, లారీవాడు, నాయన ఒకే పుస్తకంలో రాసినట్టు. ఒకరు డిస్కు ఫంక్షన్లు కావాలంటే ఇంకొకరికీ అవే వచ్చేవి. 2011లో వచ్చిన 3.0 కెర్నల్‌తో ఇది మారింది. ప్రతి ట్రేసర్‌కూ తన సొంత ‘కావాలి’ చిట్టా, సొంత ‘వద్దు’ చిట్టా వచ్చాయి.

చిట్టాలు విడిపోయాక గుమ్మం దగ్గర పని పెరిగింది. ఒక్క ట్రేసరే ఉంటే గుమ్మం నుంచి నేరుగా దాని దగ్గరికే పోతే సరిపోతుంది. రెండుంటే మధ్యలో ఒకరు నిలబడాలి. ఫంక్షన్ నడిచిన ప్రతిసారీ, నమోదైన ట్రేసర్లన్నిటినీ వరసగా, ఇది నీ చిట్టాలో ఉందా అని అడిగి, ఉన్నవాళ్లనే పిలవాలి. మండీ గేటు దగ్గర ప్రతి బాక్సునూ ఆపి అందరి పుస్తకాలూ తిరగేసే మనిషిని ఊహించుకోండి. నాయన ఒక్కడికే కావాల్సిన బాక్సుకు కూడా లారీవాడి పుస్తకం తిరగేయాలి. వరుస గేటు బయటికి వస్తుంది. 2014లో దీనికీ మందు దొరికింది. ఒక ఫంక్షన్‌ను ఒకే ట్రేసర్ చూస్తుంటే, ఇతర ట్రేసర్లు మిషనులో ఎన్నున్నా, ఆ గుమ్మం నుంచి దానికే నేరుగా ఒక దారి వేశారు. ఇద్దరూ కోరుకున్న ఫంక్షన్ల దగ్గర మాత్రమే మధ్యమనిషి నిలబడతాడు.

దీన్నుంచి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఎంతమంది చూస్తున్నారన్న దానికంటే, ఎన్ని గుమ్మాల దగ్గర వాళ్ల చూపులు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయన్నది ముఖ్యం. ఇద్దరు ట్రేసర్లు వేర్వేరు ఫంక్షన్లను చూస్తే మిషను పెద్దగా బరువనుకోదు. ఇద్దరూ ‘అన్నీ’ అంటే మిషను నెమ్మదిస్తుంది, కొలిచే కాలాలన్నీ తప్పవుతాయి.

చిట్టాలు వేరైతే చాలదు, రాసుకునే పుస్తకం కూడా వేరు కావాలి. అందుకే 2013లో ‘ఇన్‌స్టెన్సెస్’ అనే డైరెక్టరీ వచ్చింది. అందులో మీరు మామూలుగా ఒక డైరెక్టరీ చేస్తే చాలు, కెర్నల్ దానిలో సొంత బఫర్‌తో సహా ఫైళ్లన్నీ తనే అమర్చిపెడుతుంది. ఫంక్షన్ ట్రేసర్ అందులో పనిచేయడం ఆ మరుసటి ఏడాది మొదలైంది. ఫంక్షన్ ఎంతసేపు నడిచిందో చెప్పే గ్రాఫ్ ట్రేసర్ విషయం ఇంత తేలిక కాలేదు. అది ఫంక్షన్ లోపలికి పోవడాన్నే కాదు, బయటికి రావడాన్నీ చూడాలి. అందుకని ఫంక్షన్ తిరిగి వెళ్లాల్సిన అడ్రసును తీసి పక్కన దాచి, అక్కడ తన అడ్రసు పెడుతుంది. పని ముగిసిన ఫంక్షన్ ముందు ట్రేసర్ దగ్గరికి వస్తుంది, అక్కడి నుంచి అసలు ఇంటికి పోతుంది. ఇలా దారి మళ్లించే హక్కు చాలా ఏళ్లు ఒక్కరికే ఉండేది. ఫంక్షన్ల సమయాన్ని లెక్కగట్టే ఫంక్షన్ ప్రొఫైలర్ దాన్ని తీసుకుంటే గ్రాఫ్ ట్రేసర్ ఆగాల్సిందే. 2024లో వచ్చిన 6.11 కెర్నల్‌తో ఒకేసారి 16 మంది దాకా ఆ పని చేయగలిగేలా తిరగరాశారు. ప్రతి టాస్కుకూ తిరుగు అడ్రసులు దాచిపెట్టే నీడ స్టాక్‌లో, ఈ ఫంక్షన్ బయటికి వచ్చేటప్పుడు ఎవరెవరిని పిలవాలన్న గుర్తులు కూడా దాస్తారు. రోస్టెట్‌తో పాటు మసామి హిరమత్సు కూడా దీనికోసం పనిచేశాడు.

*

ఇక చేతులతో చేసే పని. ఎఫ్‌ట్రేస్ ఫైళ్లుండే ట్రేసింగ్ డైరెక్టరీలోకి పోగానే ఏదీ రాయకండి, ముందు చదవండి. ‘ఎనేబుల్డ్ ఫంక్షన్స్’ అనే ఫైలు ఉంటుంది. ఇప్పుడు ఏ ఫంక్షన్ల మీద ట్రేసర్ ఉందో, ఒక్కోదాని మీద ఎంతమంది ఉన్నారో సంఖ్యతో చెబుతుంది. ఆ రోజు నేను ఈ ఒక్క ఫైలు తెరిచి ఉంటే అక్క రాత్రి మిగిలేది. మనం వాడుకునే ప్రతి ఉమ్మడి వస్తువుకూ ఇలాంటి ఫైలు ఏదో ఒకటి ఉంటుంది. పక్కవాణ్ణి ఒక్క మాట అడగడం కూడా అలాంటిదే.

తర్వాత ఇన్‌స్టెన్సెస్‌లో మీ డైరెక్టరీ చేయండి. దానికి మీ పేరు కాదు, మీ ప్రశ్న పేరు పెట్టండి. ‘డిస్కు ఆలస్యం’, ‘ప్యాకెట్ దారి’ అన్నట్టు. ప్రశ్న రెండు మాటల్లో ఇమడకపోతే అది ఇంకా ప్రశ్న కాలేదన్నమాట, ఇంకాసేపు ఆలోచించుకోండి. అక్క నాకొక అలవాటు నేర్పింది: మిషనును ముట్టుకోకముందు కాగితం మీద మూడు వాక్యాలు. ఏం తెలుసుకోవాలి, ఏ ఫంక్షన్లు చూడాలి, ఏది కనిపిస్తే ఆపాలి. మూడోది రాయడం అన్నిటికంటే కష్టం. చాలామంది అది రాయకుండానే మొదలుపెట్టి, లక్షల వరుసల ముందు కూర్చుని అలిసిపోతారు.

ఫిల్టర్ రాశాకే ట్రేసర్‌ను నడపండి. ఈ వరస తిరగబడితే ప్రమాదం. ఫిల్టర్ ఖాళీగా ఉంటే ఏదీ వద్దని కాదు, అన్నీ కావాలని కెర్నల్ అర్థం చేసుకుంటుంది. మొదటిసారి ఇది తెలిసినప్పుడు నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నా జీవితంలో కొన్ని నెలలు సరిగ్గా ఇలాగే పోయాయి. ఉద్యోగం కోసం వెతుకుతున్నప్పుడు ఏం కావాలో రాసుకోలేదు. అందుకని ప్రతి ప్రకటనా నాకే అనిపించింది, ప్రతి కోర్సూ చేయాలనిపించింది, ప్రతివాడి సలహా నా బఫర్‌లోకి వచ్చి పడింది. ఖాళీ చిట్టా పెట్టుకున్నవాడు తీరికగా ఉంటాడనుకుంటాం. నిజానికి లోకంలో అందరికంటే బరువు మోసేది అతనే.

బఫర్ కొలత చూసుకోండి. మామూలుగా ప్రాసెసర్‌లోని ఒక్కో కోరుకు 1408 కిలోబైట్లు. ఎనిమిది కోర్ల మిషనులో ఒక్కో ఇన్‌స్టెన్స్‌కు 11 మెగాబైట్లు పోతాయి. నాలుగు పెడితే నాలుగింతలు. బఫర్ నిండితే పాతవాటి మీదే కొత్తవి రాస్తుంది. అది మీకు తెలిసే చోటు ఒకటుంది. ట్రేస్ ఫైలు మొదట్లోనే రెండు సంఖ్యలు ఉంటాయి, బఫర్‌లో ఉన్నవి ఎన్ని, మొత్తం రాసినవి ఎన్ని అని. రెండూ ఒకటైతే మీ చేతిలో ఉన్నది పూర్తి లెక్క. రెండోది పెద్దదైతే కొంత కథ పోయింది. పోయిందని తెలియకుండా మిగిలినదాన్నే మొత్తమనుకుని తీర్పు చెప్పడం మహాపాపం. దాన్ని నేను సమావేశాల్లో ఎన్నోసార్లు చూశాను.

పోల్చాలనుకున్న ఇన్‌స్టెన్సులన్నిటికీ ఒకే గడియారం పెట్టండి. మొదట ఉండే ‘లోకల్’ గడియారం వేగమైనదే కానీ ఒక కోరుకూ ఇంకో కోరుకూ మధ్య అది కలవకపోవచ్చు. ‘గ్లోబల్’ కొంచెం నెమ్మది, అయినా కోర్లన్నీ ఒకే సమయం చెబుతాయి. మొదట్లోనే మార్చుకోండి, ఎందుకంటే గడియారం మారిస్తే కూడా బఫర్ చెరిగిపోతుంది. పని ముగిశాక డైరెక్టరీని తీసేయండి. దానిలోని ఫైలు ఏదైనా ఎవరి టెర్మినల్‌లోనైనా తెరిచి ఉంటే అది పోదు. మొండిగా ప్రయత్నించకుండా ఎవరు చదువుతున్నారో కనుక్కోండి.

*

అంగళ్లు కాలేజీలోనో కుప్పంలోనో చదువుతూ, కెర్నల్ అంటే మనవాళ్ల పని కాదు అనుకునే పిల్లలకు ఒక మాట. కెర్నల్‌లో అప్లికేషన్ల లోపలి ఫంక్షన్లను చూడటానికి యూప్రోబ్స్ అనే సౌకర్యం ఉంది. 2012లో 3.5 వెర్షన్‌తో వచ్చింది. దాని ట్రేసర్ గురించి కెర్నల్‌తో పాటే వచ్చే పత్రం తెరిస్తే రచయితగా కనిపించే పేరు శ్రీకర్ ద్రోణంరాజు. ఐబీఎం ఇంజనీరుగా ఆ పని చేశాడు. ఆ ఇంటిపేరు చూసిన రోజు నేను హాస్టల్ గదిలో లేచి నిలబడ్డాను. ఆ పత్రాలన్నీ ఉచితం. పాత లాప్‌టాప్, అందులో ఒక వర్చువల్ మిషను ఉంటే ఈ అధ్యాయంలోని ప్రతిదీ ఈ రాత్రే చేసి చూడొచ్చు. వర్చువల్ మిషనులో ఏదైనా తప్పు జరిగినా పోయేదేమీ లేదు. ఆఫీసులో అందరిదీ అయిన మిషను మీద ఆ ధైర్యం పనికిరాదు.

*

అక్క లెక్క పోయిన మూడో రోజున ఆమే అడిగింది, “నువ్వూ పెట్టు అబ్బాయ్, నేనూ పెడతా. పక్కపక్కనే నడవనీ” అని. ఆమెకొక డైరెక్టరీ, నాకొకటి. ఆమె చిట్టాలో డిస్కు రాతలకు సంబంధించిన కొన్ని ఫంక్షన్లు, నా దాంట్లో నెట్‌వర్క్ కార్డు నుంచి వచ్చే పనిని అందుకునేవి. ఒక్క ఫంక్షన్ కూడా ఇద్దరి చిట్టాల్లో లేకుండా చూసుకున్నాం. రెండిటికీ గ్లోబల్ గడియారం పెట్టాం. గ్రాఫ్ ట్రేసర్ అప్పటికి ఒక్కరికే కాబట్టి దాని జోలికి పోలేదు.

మొదటి రాత్రి ఏమీ పడలేదు. రెండో రాత్రి తెల్లవారుజామున మూడు దాటాక ఆమె పుస్తకంలో ఒక ఆలస్యం పడింది. డిస్కు రాత ఒకటి మొదలైంది, తర్వాతి అడుగు చాలాసేపటికి గానీ రాలేదు. మధ్యలో ఏమీ లేదు. ఆమె పుస్తకాన్నే చూస్తే మిషను ఆ కాసేపు నిద్రపోయిందనిపిస్తుంది. నా పుస్తకంలో అదే సమయం, అదే కోరు దగ్గర చూశాం. ఖాళీ లేకుండా వరుసలే వరుసలు. ప్యాకెట్లు గుంపుగా వచ్చి పడుతున్నాయి, ఆ కోరు వాటినే అందుకుంటూ ఉంది. డిస్కు రాత గేటు బయట నిలబడి ఉంది.

నెలన్నరగా ఆమె డిస్కును తిడుతోంది. నేను నా ప్యాకెట్లు చక్కగానే పోతున్నాయని సంబరపడుతున్నాను. ఇద్దరం నిజమే చెబుతున్నాం. రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టి, రెండు చోట్లా ఒకే సమయం కింద పెన్సిలుతో గీత గీసింది అక్క. నెట్‌వర్క్ కార్డు కోరును పిలిచే ఇంటరప్టులను ఇంకో కోరుకు మార్చాం. మళ్లీ రెండు రాత్రులు నడిపాం. ఆలస్యం రాలేదు.

ఆ సాయంత్రం ఎవరి డైరెక్టరీ వాళ్లం తీసేశాం. నాది వెంటనే పోలేదు. చూస్తే నేనే ఇంకో టెర్మినల్‌లో ట్రేస్ పైప్ అనే ఫైలు తెరిచి పెట్టుకుని ఉన్నాను. దాన్ని మూసి మళ్లీ తీశాను. అక్క ఎనేబుల్డ్ ఫంక్షన్స్ ఫైలు తెరిచింది. అందులో ఒక్క వరుస కూడా లేదు. “ఇంక ఎవురన్నా వాడుకోవచ్చు” అని బ్యాగు సర్దుకుంది.